మార్చిన తుంటి ఎన్నేళ్లు వస్తుంది? లెక్కపెట్టిన దేశాలు చెబుతున్న జవాబు

తుంటి కీలు మార్చాలని డాక్టరు చెప్పగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న: ‘కొత్త కీలు ఎన్నాళ్లు వస్తుందండీ?’ ‘పది, పదిహేనేళ్ల దాకా ఢోకా లేదు’ అనే జవాబు చాలాకాలంగా వాడుకలో ఉంది. అది తప్పు కాదు గానీ సగం జవాబే. మిగతా సగం పేషెంటు వయసు మీద, ఆపరేషనుకు ముందు ఒంటి పరిస్థితి మీద, లోపల అమర్చిన పరికరం మీద, అన్నిటికీ మించి ఆ తర్వాత ఆ తుంటి ఎలా ఉందో చూసేవాళ్లు ఉన్నారా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

15 ఏళ్లకు 89, 25 ఏళ్లకు 58

ఇంతవరకూ వచ్చిన లెక్కల్లో తేటైనది 2019లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వెలువడింది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆస్ట్రేలియా, ఫిన్లండ్ దేశాల జాతీయ రిజిస్ట్రీలలోని రికార్డులను కలిపి చూశారు. మార్చిన తుంటి కీళ్లలో నూటికి 89 కీళ్లు 15 ఏళ్ల తర్వాత కూడా మరో ఆపరేషను లేకుండా పనిచేస్తున్నాయి. 20 ఏళ్లకు ఆ సంఖ్య 70, 25 ఏళ్లకు 58. ఈ 25 ఏళ్ల లెక్క 1990ల తొలినాళ్లకు, అంతకు ముందుకు చెందిన పరికరాలది. ఇప్పుడు వాడే ప్లాస్టిక్ అప్పటిదానికన్నా చాలా తక్కువగా అరుగుతుంది కాబట్టి, ఇవాళ అమర్చే కీళ్లు ఇంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయని ఆశించడానికి ఆధారం ఉంది.

అయితే సగటు లెక్క ఏ ఒక్కరిదీ కాదు. అంతకు రెండేళ్ల ముందు, 2017లో, అదే పత్రికలో వచ్చిన మరో అధ్యయనం ‘ఈ వయసులో ఆపరేషను చేయించుకుంటే, బతికి ఉండగా మళ్లీ చేయించుకోవాల్సిన అవకాశం ఎంత?’ అని అడిగింది. బ్రిటన్‌లో తుంటి, మోకాలు మార్పిడి చేయించుకున్నవారి రికార్డుల ఆధారంగా వచ్చిన జవాబు ఇది: 70 ఏళ్లు దాటాక చేయించుకున్నవారిలో ఆ అవకాశం 5 శాతం దగ్గర. 50 దాటిన తొలి ఏళ్లలో చేయించుకున్న మగవారిలో అది 35 శాతం దాకా ఉంది. అదే వయసు ఆడవారిలో అంతకన్నా బాగా తక్కువ.

ఆ అధ్యయనంలోనే, పెద్దగా ప్రచారానికి రాని మరో అంకె ఉంది. 60 ఏళ్ల లోపు ఆపరేషను చేయించుకుని, మళ్లీ చేయించుకోవాల్సి వచ్చినవారిలో సగం మందికి ఆ అవసరం మొదటి 4.4 ఏళ్లలోనే వచ్చింది. అంటే రెండో ఆపరేషనుకు కారణం ఎప్పుడూ అరుగుదలే కాదు. ఇన్ఫెక్షన్, కీలు జారిపోవడం, ఎముక విరగడం వంటివి తొలి ఏళ్లలోనే ఎదురవుతాయి. వీటిలో చాలావాటిని ముందుజాగ్రత్తతో తగ్గించుకోవచ్చు.

మన దేశానికి ఈ వయసు లెక్క మరీ ముఖ్యం. పాశ్చాత్య దేశాల్లో తుంటి మార్పిడికి ప్రధాన కారణం వయసుతో వచ్చే అరుగుదల. మన దగ్గర పరిస్థితి వేరు. భారతీయ తుంటి, మోకాలు శస్త్రవైద్యుల సంఘం నడిపే రిజిస్ట్రీ 2013లో ప్రచురించిన ప్రాథమిక నివేదికలో తుంటి మార్పిడికి దాదాపు సగం మందిలో కారణం ఏవీఎన్. తొడ ఎముక తలకు రక్తం అందక ఆ ఎముక చచ్చిపోయి కుంగిపోవడమే ఈ జబ్బు. ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడటం, అతిగా మద్యం తాగడం, తొడ ఎముక మెడ విరగడం దీనికి కారణాలు. సికిల్ సెల్ జబ్బు కూడా ఒక కారణమే. ఆదిలాబాద్, పాడేరు ఏజెన్సీల్లో ఆ జబ్బున్న కుటుంబాలకు ఇది పరిచయమైన బాధ. ఏవీఎన్ వయసు మళ్లినవాళ్లకన్నా 30లు, 40లలో ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. 35 ఏళ్లకు తుంటి మార్చుకున్న మనిషి ముందు ఇంకా 40 ఏళ్ల బతుకు ఉంటుంది. ఆ మనిషికి రెండో ఆపరేషను ఏదో ఒకనాటికి రాగలదు. మొదటిరోజు నుంచే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

తొలి నెలల ముప్పులు

ముందుగా ప్రాణభయం సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లో కీళ్ల అరుగుదల కారణంగా జరిగిన 4,09,096 తుంటి మార్పిడుల రికార్డులను పరిశీలించి 2013లో ప్రచురించారు. ఆపరేషనైన 90 రోజుల్లో మరణించినవారు 2003లో 0.56 శాతం, 2011 నాటికి 0.29 శాతం. వెయ్యికి ఆరుగురి దగ్గర ఉన్నది ముగ్గురికి తగ్గింది. వెన్నుకు మత్తు ఇవ్వడం, రక్తం గడ్డకట్టకుండా మందులు, సాధనాలు వాడటం వంటి పద్ధతులకూ తక్కువ మరణాలకూ సంబంధం ఉన్నట్టు ఆ అధ్యయనం గుర్తించింది.

రక్తం గడ్డకట్టే ముప్పు ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే తీరిపోదు. కాలి సిరలో కట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. అందుకే గడ్డకట్టకుండా ఇచ్చే మందును 35 రోజుల దాకా కొనసాగించాలని మార్గదర్శకాలు చెబుతాయి. నొప్పి తగ్గిందని ఆ మాత్రలను మధ్యలో మానేయకూడదు. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఇన్ఫెక్షన్. మంచి ఆసుపత్రిలో మొదటి ఆపరేషను తర్వాత ఇది నూటికి 1 చుట్టూ ఉంటుంది. అదుపులో లేని షుగరు, పొగతాగడం, అధిక బరువు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఈ అంకెను పెంచుతాయి. బయటి వస్తువు మీద చేరిన సూక్ష్మజీవులు తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. ఆ పొరను దాటి యాంటీబయాటిక్ లోపలికి చేరలేదు. అందుకే తుంటిలో చేరిన చీము మాత్రలతో మానదు. మొదటి కొద్ది వారాల్లోనే పసిగడితే కీలు తెరిచి కడిగి, బంతి, గిన్నె లోపలి పొర (లైనరు) వంటి విడిభాగాలు మార్చి, పరికరాన్ని ఉంచే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే మొత్తం తీసేయక తప్పదు.

ఇక్కడ మన ఊళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటి ఉంది. కుట్ల దగ్గర తడి కారుతోందనగానే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగేస్తారు. దానివల్ల సూక్ష్మజీవి చావదు, పరీక్షకు దొరక్కుండా దాక్కుంటుంది. కీలులోంచి నీరు తీసి కల్చర్ చేయకముందు యాంటీబయాటిక్ పడితే, ఏ సూక్ష్మజీవికి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. గాయం వారం దాటినా ఆరకపోతే వెళ్లాల్సింది ఆపరేషను చేసిన సర్జను దగ్గరికే.

మూడోది కీలు జారడం. గిన్నెలోంచి బంతి బయటికి వచ్చేయడం అన్నమాట. మొదటి ఆపరేషను తర్వాత ఇది సుమారు నూటికి 2, 3 మందిలో కనిపిస్తుంది. వీటిలో సగానికి పైగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతాయి. అప్పటికి చుట్టూ ఉన్న కండరాలు, పొరలు ఇంకా బిగిసి ఉండవు. వెనకవైపు నుంచి ఆపరేషను చేసినవారు తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదని, కాలి మీద కాలు వేసుకోకూడదని, పాదాన్ని లోపలికి తిప్పకూడదని చెప్పేది అందుకే. మన ఇళ్లలో దీని అర్థం పీట మీద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, ఇండియన్ టాయిలెట్ వాడకూడదు, మంచం దిగి చెప్పులకోసం వంగకూడదు అని. ఆపరేషను తేదీ ఖాయమవగానే ఇంట్లో కమోడ్, ఎత్తయిన కుర్చీ, ఎత్తయిన మంచం ఏర్పాటు చేసుకోవాలి. డిశ్చార్జి అయి ఇంటికొచ్చాక వెతుక్కుంటే ఆలస్యమైనట్టే.

సయాటిక్ నరం దెబ్బతిని పాదం పైకి లేవకపోవడం సుమారు నూటికి ఒకరిలో జరుగుతుంది. కొందరిలో కాలి పొడవులో తేడా వస్తుంది. సెంటీమీటరు లోపు తేడాకు చాలామంది అలవాటుపడతారు, అంతకు మించితే చెప్పులో ఎత్తు పెట్టాల్సి రావచ్చు. ముసలివాళ్లలో కిందపడి, తొడ ఎముకలోకి దించిన కాడ చుట్టూ ఎముక విరగడం మళ్లీ ఆపరేషనుకు మరో పెద్ద కారణం. కాబట్టి బాత్రూములో పట్టుకునే కడ్డీ, జారని చాప, రాత్రి దీపం కూడా తుంటి వైద్యంలో భాగమే.

నొప్పి లేకుండా తినేసే అరుగుదల

బాగా నడిచే మనిషి ఏడాదికి ఒక్కో కాలితో సుమారు 10 లక్షల అడుగులు వేస్తారు. ప్రతి అడుగుకూ బంతి గిన్నెతో రాసుకుంటుంది. పాతరకం పాలిథిలిన్ ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు అరిగేది. వినడానికి తక్కువగానే ఉంది గానీ, సమస్య అరిగిన మందంతో కాదు, రాలిన రేణువులతో. కంటికి కనబడని ఆ రేణువులను శరీరంలోని రక్షక కణాలు శత్రువులనుకుని మింగుతాయి. వాటిని అరిగించుకోలేక విడుదల చేసే రసాయనాలు ఎముకను కరిగించే కణాలను రెచ్చగొడతాయి. పరికరం చుట్టూ ఎముక గుల్లబారుతుంది. చెమ్మెక్కిన గోడలో మేకులా కీలు కదలడం మొదలవుతుంది.

ఇదంతా ఏళ్ల తరబడి నొప్పి లేకుండా జరగవచ్చు. నొప్పి తెలిసేనాటికి ఎముక చాలా పోయి ఉంటుంది, అప్పుడు రెండో ఆపరేషను మరింత కష్టమవుతుంది. బాగానే నడుస్తున్నా ఎక్స్‌రే తీయించుకోమనడం వెనక ఉన్న కారణం ఇదే. 1990ల చివర వాడుకలోకి వచ్చిన కొత్తరకం పాలిథిలిన్, దాని అణువులను రేడియేషన్‌తో ఒకదానికొకటి గట్టిగా ముడివేసినది, ఈ అరుగుదలను ఎన్నో రెట్లు తగ్గించింది. తుంటి మార్పిడి చరిత్రలో పేషెంట్లకు ఎక్కువ మేలు చేసిన మార్పుల్లో ఇదొకటి.

టెఫ్లాన్ నేర్పిన పాఠం

ఈ ఆపరేషనుకు ఇప్పటి రూపం ఇచ్చిన ఇంగ్లండ్ సర్జను జాన్ చార్న్‌లీ జీవితంలోనే వైఫల్యపు లెక్క ఉంది. 1950ల చివర, రైటింగ్టన్ ఆసుపత్రిలో ఆయన గిన్నెకు టెఫ్లాన్ వాడారు. సుమారు 300 మందికి అమర్చారు. మొదట్లో అద్భుతంగా నడిచారు. రెండు మూడేళ్లు గడిచేసరికి టెఫ్లాన్ అరిగి, రేణువులు ఎముకను తినేశాయి. చార్న్‌లీ ఒక్కొక్కరికీ మళ్లీ ఆపరేషను చేశారు. టెఫ్లాన్ ముక్కను తన తొడలోనే పెట్టించుకుని ఒళ్లు ఎలా స్పందిస్తుందో చూసుకున్నారు. 1962లో ఆయన సహాయకుడు హ్యారీ క్రావెన్ పరీక్షించి చూపిన పాలిథిలిన్ ఆ పనిని నిలబెట్టింది. ఆ ఏడాది నవంబరులో అమర్చడం మొదలైంది. ఆపరేషను గదిలో శుద్ధిచేసిన గాలి, మరికొన్ని జాగ్రత్తలతో 7 శాతానికి పైన ఉన్న ఇన్ఫెక్షన్లను 1 శాతం లోపుకు తెచ్చినదీ ఆయనే. కీలు వేసినవారిని వదిలేయకుండా ఏళ్ల తరబడి వెంబడి చూడటం వల్లే ఇది సాధ్యమైంది.

ఆ పనిని దేశం మొత్తానికి విస్తరింపజేస్తే దాన్ని రిజిస్ట్రీ అంటారు. స్వీడన్ 1979లో, నార్వే 1987లో, ఆస్ట్రేలియా 1999లో, ఇంగ్లండ్, వేల్స్ 2003లో తుంటి రికార్డులు రాయడం మొదలుపెట్టాయి. ఏ ఆసుపత్రిలో, ఎవరికి, ఏ కంపెనీ కీలు వేశారు, మళ్లీ ఎప్పుడు, ఎందుకు తీశారు అన్నది అందులో ఉంటుంది. ఫలితం త్వరలోనే కనబడింది. 1990లలో వచ్చిన ‘బోన్‌లాక్’ అనే కొత్త సిమెంటుతో కీళ్లు త్వరగా వదులైపోతున్నాయని నార్వే రిజిస్ట్రీ కొద్ది ఏళ్లలోనే పట్టేసింది. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే ‘నైస్’ సంస్థ, తుంటి కీలు అనిపించుకోవాలంటే పదేళ్లలో మళ్లీ ఆపరేషను అవసరం నూటికి 10కి మించకూడదని 2000లో చెప్పింది. 2014లో ఆ హద్దును 5కి తగ్గించింది. లెక్క ఉన్నచోట ప్రమాణం కూడా పెరుగుతుంది.

4,700లో 3,600 మంది ఎక్కడ?

లెక్క లేనిచోట ఏమవుతుందో మన దేశమే చూసింది. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డీప్యూ కంపెనీ ‘ఏఎస్ఆర్’ అనే తుంటి కీలును అమ్మింది. బంతి, గిన్నె రెండూ లోహమే. గిన్నె లోతు తక్కువ కావడంతో బంతి దాని అంచున రాసుకుని కోబాల్టు, క్రోమియం రేణువులు రాలేవి. అవి చుట్టూ ఉన్న కండరాన్ని పాడుచేసేవి, రక్తంలోకీ చేరేవి. ఇది ఎక్కువగా విఫలమవుతోందని ఆస్ట్రేలియా రిజిస్ట్రీ లెక్కలు ముందే చూపాయి. 2009 డిసెంబరులో అక్కడ అమ్మకం ఆగింది. బ్రిటన్ రిజిస్ట్రీ లెక్కలో ఐదేళ్లకే 12, 13 శాతం మందికి మళ్లీ ఆపరేషను అవసరమైంది. ‘నైస్’ పదేళ్లకు అనుమతించిన హద్దును ఇది సగం కాలంలోనే దాటేసింది. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా ఆ కీలును వెనక్కి పిలిచింది. అప్పటికి సుమారు 93,000 కీళ్లు అమ్ముడయ్యాయి.

ఇండియాలో సుమారు 4,700 శస్త్రచికిత్సలు ఈ కీలుతో జరిగాయి. ఇక్కడ దిగుమతి లైసెన్సు రద్దయింది 2012లో. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీచేసింది 2013 డిసెంబరులో. కేంద్రం 2017లో డాక్టర్ అరుణ్ అగర్వాల్ నాయకత్వంలో వేసిన నిపుణుల కమిటీ నివేదిక మరుసటి ఏడాది బయటికి వచ్చినప్పుడు తేలిన విషయం ఇది: దాదాపు 3,600 మంది పేషెంట్ల ఆచూకీ దొరకలేదు. ప్రతి పదిమందిలో ఏడుగురికి పైగా, లోపల లోపమున్న లోహం ఉన్నా, వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. కనీసం 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. తర్వాత 2018 నవంబరులో కేంద్రం ఆమోదించిన సూత్రం ప్రకారం వైకల్యాన్ని, వయసును బట్టి 30 లక్షల నుంచి 1.23 కోట్ల రూపాయల దాకా రావాలి. ఆచూకీ లేనివారికి ఆ సూత్రం వల్ల ఒరిగేదేమిటి?

ఇందులో చట్టం వైపు నుంచి కూడా ఒక ఖాళీ ఉంది. 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కీలు ఉండేది 25 ఏళ్లు, కాగితం ఉండాల్సింది 3 ఏళ్లు! ఈ రెండు అంకెల మధ్య ఉన్న 22 ఏళ్ల బాధ్యత ప్రస్తుతానికి పేషెంటుదే.

రివిజన్ అంటే మరో ఆపరేషను మాత్రమే కాదు

పాత కీలు తీసి కొత్తది వేయడాన్ని రివిజన్ సర్జరీ అంటారు. మొదటిసారి ఎముకకు పట్టుకున్న కాడను, సిమెంటును ఊడదీయాలి. కొన్నిసార్లు అందుకోసం తొడ ఎముకను నిలువునా కిటికీలా కోసి తెరిచి, తర్వాత తీగలతో కట్టాలి. పోయిన ఎముక స్థానంలో దాతల ఎముకనో, లోహపు దిమ్మెలనో నింపి, ఇంకా పొడవైన కాడ దించుతారు. సమయం, రక్తనష్టం, ఖర్చు అన్నీ పెరుగుతాయి. ఇన్ఫెక్షన్, కీలు జారడం, నరం దెబ్బతినడం, ఈ మూడింటి శాతాలూ మొదటి ఆపరేషనుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రివిజన్ చేసిన కీలు మొదటిదానంత కాలం నిలవదు. దాని తర్వాతిది ఇంకా తక్కువ.

చీము పట్టిన కీలుకు చాలాచోట్ల రెండు దశల్లో రివిజన్ చేస్తారు. మొదటి దశలో పరికరం మొత్తం తీసి, యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మెను తాత్కాలికంగా పెడతారు. సుమారు ఆరు వారాలు యాంటీబయాటిక్ నడుస్తుంది. ఇన్ఫెక్షన్ పోయిందని రుజువయ్యాక రెండో దశలో కొత్త కీలు వేస్తారు. అంటే కొన్ని నెలలు సరైన నడక ఉండదు, సంపాదన ఉండదు, తోడు మనిషి కావాలి. అందుకే ఎవరైనా సర్జను ‘షుగరు అదుపులోకి వచ్చాకే ఆపరేషను’ అంటే దాన్ని కాలయాపనగా చూడవద్దు. ఆ రెండు నెలల ఆలస్యం ముందున్న రెండు ఆపరేషన్లను తప్పించవచ్చు.

అయినా రివిజన్ అంటే బతుకు అయిపోయినట్టు కాదు. అనుభవమున్న చేతుల్లో, సమయానికి చేస్తే చాలామంది నొప్పి లేకుండా నడుస్తారు. అడగాల్సిన ప్రశ్న: ‘డాక్టరుగారూ, మీరు ఏడాదికి ఎన్ని రివిజన్లు చేస్తారు?’ ఈ ప్రశ్న అమర్యాద కాదు.

పేషెంటు చేతిలో ఉన్నవి

ఆపరేషనుకు ముందు: షుగరు మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. 8 దాటి ఉంటే తగ్గించుకున్నాకే ముందుకు వెళ్లండి. పొగ మానండి. పుచ్చిన పళ్లకు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు, చర్మం మీది పుళ్లకు ముందే వైద్యం చేయించండి.

డిశ్చార్జి రోజు: లోపల అమర్చిన ప్రతి భాగం పెట్టె మీదా కంపెనీ పేరు, భాగం నంబరు, లాట్ నంబరు, సైజు ఉన్న స్టిక్కరు ఉంటుంది. ఆ స్టిక్కర్లను కేసు షీటులో అంటిస్తారు. వాటి నకలు అడిగి తీసుకోండి. ఆపరేషను నోట్సు కూడా అడగండి. ఫోనులో ఫొటో తీసి ఇంట్లో మరొకరికీ పంపండి.

తర్వాత ఏళ్లలో: ఆరు వారాలకు, ఏడాదికి చూపించుకోవడంతో ఆపేయకండి. బ్రిటన్‌లో మంచి చరిత్ర ఉన్న కీళ్లకు కూడా మొదటి ఏడాది, ఏడో ఏడాది, ఆ పైన మూడేళ్లకోసారి ఎక్స్‌రేతో చూడాలని నిపుణులు సూచించారు. కొత్తగా గజ్జల్లో నొప్పి వస్తే గిన్నె, తొడలో వస్తే కాడ వదులైందేమోనని అనుమానించాలి. కూర్చుని లేచాక మొదటి నాలుగు అడుగులు మాత్రమే నొప్పిగా ఉండి తర్వాత సర్దుకోవడం వదులైన కీలుకు ముఖ్యమైన గుర్తు. రాత్రీ పగలూ తగ్గని నొప్పి ఇన్ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. లోహం మీద లోహం ఉన్న కీలు అయితే రక్తంలో కోబాల్టు, క్రోమియం పరీక్ష అవసరం. లీటరుకు 7 మైక్రోగ్రాములు దాటడాన్ని బ్రిటన్ నియంత్రణ సంస్థ హెచ్చరిక గీతగా పెట్టింది.

పరికరం వల్ల హాని జరిగిందనిపిస్తే చెప్పుకోవడానికి ఒక వ్యవస్థ కూడా ఉంది. వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదుచేసే జాతీయ కార్యక్రమం 2015 జూలైలో మొదలైంది. దాన్ని ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. డాక్టర్లే కాదు, పేషెంట్లు కూడా అక్కడ ఫిర్యాదు ఇవ్వవచ్చు.

ఇవన్నీ పేషెంటు చేయగలిగినవి. ఆయన ఒక్కరూ చేయలేనిది ఒకటుంది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో తుంటి మార్పిడి ఉంది. అంటే ఎన్నో తుంటి కీళ్లకు డబ్బు చెల్లిస్తున్నది ప్రజాధనమే. డబ్బిచ్చేవారికి ఏ కీలు వేశారు, అది ఎన్నాళ్లు నిలిచిందని అడిగే హక్కు ఉంది. బిల్లు పాసు కావాలంటే స్టిక్కరు నంబరు నమోదు కావాలని, రివిజన్ జరిగితే కారణం రాయాలని ఒక్క నిబంధన పెడితే చాలు. కొన్నేళ్లకు మన పేషెంట్ల వయసుకు, మన జబ్బులకు, మన కూర్చునే తీరుకు సరిపోయే లెక్క మన చేతిలో ఉంటుంది. వైద్య మండలి నిబంధనలోని 3 ఏళ్లను, పరికరం ఒంట్లో ఉన్నంత కాలం అని మార్చాలి. 3,600 మంది ఆచూకీ కోల్పోయిన దేశం చేయగల కనీస ప్రాయశ్చిత్తం ఇది. దీనికి కొత్త ఆసుపత్రి కట్టాల్సిన పనిలేదు, కొత్త యంత్రం కొనాల్సిన పనిలేదు. రాసిపెట్టుకుంటే చాలు.